వార్సూవియస్‌ను 'వారు' అని పిలిచిన కథ

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఎండను కూడా లెక్కచేయకుండా ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. ముందు వరుసలో బొమ్మలు గీసే పిల్లలు కూర్చున్నారు. ఈ రోజు నేను చెప్పేదంతా ముఖ్యంగా వాళ్ల కోసమే. ఒకే ఒక్క పాత్ర గురించి మాట్లాడతాను. చాలా పొగరుబోతు పాత్ర. ఆ పాత్రంటే నాకు ప్రాణం. ఎందుకు ప్రాణమైందో చెప్పడానికే వచ్చాను.

ముందు ఒక చిన్న సంగతి. రెండేళ్ల కిందట వేసవి సెలవులకి మా అక్క కూతురు మా ఇంటికి వచ్చింది. పదకొండేళ్ల పిల్ల. రాత్రి డాబా మీద పక్కలు వేసుకున్నాక కథ చెప్పమనేది. నాకు తెలిసిన కథలన్నీ నాలుగు రోజుల్లో అయిపోయాయి. అప్పుడు నేను ఇంగ్లీషులో ఏళ్ల తరబడి చదువుతున్న ఒక వెబ్‌కామిక్ (ఇంటర్నెట్‌లో పేజీ పేజీగా వచ్చే బొమ్మల కథ) కథను తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. దాని పేరు ది ఆర్డర్ ఆఫ్ ది స్టిక్. రిచ్ బర్లూ అనే అమెరికన్ 2003లో మొదలుపెట్టాడు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని పాచికలు వేస్తూ ఆడే ఆట ఒకటుంది, ఆ ఆట నియమాల మీద సరదాగా జోకులు వేస్తూ మొదలైంది. బొమ్మలు చూస్తే మనమూ గీయగలం అనిపిస్తుంది. గుండ్రటి తల, పుల్లల్లాంటి చేతులు, కాళ్లు. అంతే. అలా అలా పన్నెండు వందల పేజీలు దాటి, ఒక పెద్ద ఇతిహాసం అయి కూర్చుంది.

అందులో ఆరుగురు సాహసికుల జట్టు ఉంటుంది. వాళ్లలో మంత్రవిద్య తెలిసిన ఎల్ఫ్ పేరు వార్సూవియస్. ఎల్ఫ్ అంటే ఇలాంటి కథల్లో కనిపించే, మనుషుల్లాంటి ఒక జాతి. ఊదారంగు జుట్టు, ఎర్రటి అంగీ, సూదిచెవులు. ఈ పాత్ర ఆడో మగో రచయిత ఎక్కడా చెప్పడు. కావాలనే చెప్పడు. జీవిత భాగస్వామి ఇంకీరియస్ సంగతీ అంతే. పిల్లలు కూడా అమ్మా అని గానీ నాన్నా అని గానీ పిలవరు.

ఇంగ్లీషులో ఇది నడిచిపోతుంది. క్రియలో ఆడా మగా తేడా ఉండదు, సర్వనామం ఒక్కటి తప్పించుకుంటే చాలు. మనకు అలా కుదరదు కదా! వచ్చాడు, వచ్చింది, ఏదో ఒకటి అని తీరాలి. మొదటి రాత్రే నేను ఇరుక్కుపోయాను. "వార్సూవియస్ అనే మంత్రగాడు..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. పిల్ల లేచి కూర్చుంది. "పిన్నీ, తను అబ్బాయా, అమ్మాయా?" అంది. నాకు తెలీదు, ఎవరికీ తెలీదు అన్నాను. కాసేపు ఆలోచించి నాకు దొరికిన దారి ఒక్కటే. 'వచ్చారు', 'అన్నారు', 'వెళ్లారు'. తెలుగులో ఆడామగా తేడా చూపకుండా మనిషి గురించి చెప్పాలంటే గౌరవించాల్సిందే. వ్యాకరణం నా చేత ఆ పొగరుబోతుకు గౌరవం ఇప్పించింది.

ఈ రోజు కూడా అలాగే 'వారు' అంటాను. కొత్తగా ఉంటుంది, అలవాటు చేసుకోండి.

ఇప్పుడు ఆ పొగరు ఎలాంటిదో చెప్పాలి. వార్సూవియస్ మాట్లాడితే గ్రాంథికమే. పక్కవాళ్లు రెండు ముక్కల్లో తేల్చేసే మాటకు వీరికి నాలుగు వాక్యాలు కావాలి. మాటల బుడగ ఉబ్బి ఉబ్బి బొమ్మనే పక్కకు నెట్టేస్తుంది. జట్టులో ఈలన్ అని ఒక పాటగాడు ఉన్నాడు, మంచివాడు, అమాయకుడు. అతను నోరు తెరిస్తే వీరికి చిరాకు. ప్రపంచంలో ఏ సమస్యకైనా సరైన మంత్రం ఒకటుంటుంది, ఆ మంత్రం నాకు తెలిస్తే చాలు, ఇంకెవరితోనూ పని లేదు అనుకునే మనిషి. మనకు తెలియని మనుషులా వీళ్లు? ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు. పనిలో దిట్ట. ఎదుటివాళ్ల కష్టం మాత్రం కంటికి ఆనదు.

ఆ కంటికి ఆనకపోవడాన్ని బర్లూ చూపించిన తీరు ఎంత బాగుంటుందో చెప్తాను. వార్సూవియస్‌కు బ్లాక్‌వింగ్ అని ఒక కాకి ఉంది. కాకి అంటే మన పెరట్లో కాకి కాదు, పెద్ద జాతి మాలకాకి. ఆ ఆటలో మంత్రగాళ్లకు ఇలా ఒక తోడు జంతువు ఉంటుంది. ఆట ఆడేవాళ్లు చాలామంది దాన్ని తెచ్చుకుని మర్చిపోతుంటారట. దాని మీద జోకుగా, వార్సూవియస్‌కు గుర్తొచ్చినప్పుడే ఆ కాకి బొమ్మలో కనిపిస్తుంది. అవసరం రాగానే భుజం మీద ప్రత్యక్షం. అవసరం తీరగానే మాయం. ఏళ్లపాటు ఇది నవ్వులాటే. మేమంతా నవ్వుకున్నాం. గుర్తు పెట్టుకోండి ఈ కాకిని.

2005 ప్రాంతంలో జట్టు ఒక అడవిలో ఒక పిల్ల నల్ల డ్రాగన్‌ను ఎదుర్కొంటుంది. వార్సూవియస్ ఒక్క మంత్రంతో దాన్ని బూడిద చేస్తారు. దాని గుహలోని సొత్తు తీసుకుని జట్టు ముందుకు పోతుంది. ఆటలో డ్రాగన్ ఉండేదే అందుకు. చదివిన మేమూ ఆ డ్రాగన్‌ను ఆ పేజీతోనే మర్చిపోయాం.

తర్వాత అజూర్ సిటీ అనే నగరం మీద గాబ్లిన్లు అనే రాక్షస జాతి సైన్యం దండెత్తుతుంది. కోటగోడ మీద సైనికుల పక్కన నిలబడి వార్సూవియస్ పోరాడతారు. మంత్రాలు అయిపోతాయి. ఆ ఆటలో మంత్రగాడికి రోజుకు ఇన్నే మంత్రాలని లెక్క ఉంటుంది. అది అయిపోయాక వీరూ మామూలు మనిషే, ఇంకా చెప్పాలంటే మామూలు మనిషి కంటే బలహీనం. చుట్టూ గాయపడ్డ సైనికులు సాయం అడుగుతుంటారు. వీరి దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. కంటికి కనబడకుండా దాక్కుని ప్రాణం కాపాడుకుంటారు.

నగరం పడిపోయింది. ఎల్ఫులు మనలాగా నిద్రపోరు, రోజుకు నాలుగు గంటలు ధ్యానంలాంటి స్థితిలో ఉంటారు. వార్సూవియస్ అది మానేశారు. కళ్లు మూస్తే ఆ సైనికులే వస్తున్నారు. ఇంకొకరైతే ఆ బాధను ఎవరికైనా చెప్పుకుని ఏడ్చేవారు. వీరేం చేశారంటే, నా శక్తి చాలలేదు కాబట్టే వాళ్లు చనిపోయారు, ఇంకా శక్తి కావాలి అనుకున్నారు. నెలల తరబడి నిద్రలేకుండా, అందరి మీదా విసుక్కుంటూ, చివరికి స్నేహితులను కూడా వదిలేసి ఒంటరిగా వెళ్లిపోయారు. అపరాధ భావం అహంకారానికి మేత వేసింది. ఇది చాలా నిజమైన విషయం. మన ఇళ్లలోనే చూడండి, తప్పు చేశామని లోలోపల కుమిలేవాడే బయటికి ఎక్కువ అరుస్తాడు.

సరిగ్గా అప్పుడు ఆ పిల్ల డ్రాగన్ తల్లి వస్తుంది.

ఆమె వార్సూవియస్‌ను ఓడించి చెప్తుంది: నా బిడ్డను చంపావు, నీ బిడ్డలను చంపడానికి నీ ఇంటికి వెళ్తున్నాను. చెప్పి వెళ్లిపోతుంది. నా మటుకు ఆ పేజీ ఈ కథ మొత్తానికీ గుండెకాయ. ఎదురుగా నిలబడింది బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లి. వీరూ బిడ్డలున్న మనిషే. ఒకరి బాధ ఒకరికి అర్థం కావడానికి ఇంతకంటే దగ్గరి దారి ఉండదు. కానీ ఆ ఆలోచన వీరికి రాదు.

ముగ్గురు నరకవాసులు బేరానికి వస్తారు. ముగ్గురు దుష్ట మంత్రగాళ్ల ఆత్మలను నీకు అతికిస్తాం, అపారమైన శక్తి వస్తుంది, బదులుగా నీ ఆత్మ కొంత కాలం మాది అంటారు. అయితే వాళ్లే ఇంకో దారి కూడా చెప్తారు. వార్సూవియస్ ముందు తన ప్రాణం వదులుకోవాలి, కబురు స్నేహితులకు చేరాలి, వాళ్లు తిరిగి బతికించి సాయానికి రావాలి. పిల్లలు బతకడానికి ఆ దారి కూడా ఉంది. కాకపోతే నేను ఓడిపోయాను, నాకు సాయం కావాలి అని ఒప్పుకోవాలి. వార్సూవియస్ నరకంతో బేరమే ఎంచుకున్నారు.

ఆ శక్తితో ఇంటికి చేరి తల్లి డ్రాగన్‌ను చంపారు. అక్కడితో ఆగలేదు. ఆమెతో రక్తసంబంధం ఉన్న ప్రతి ప్రాణీ, వాళ్లతో రక్తసంబంధం ఉన్న ప్రతి ప్రాణీ, ఎక్కడున్నవాళ్లు అక్కడే చచ్చిపోయేలా మంత్రం వేశారు. పుటంతా చిన్న చిన్న గడులు. ఒక్కో గడిలో ఒక్కో డ్రాగన్ కూలిపోతుంది. ఇది 2009లో వచ్చింది. నిజం చెప్తున్నాను, చదువుతూ నేను ఆనందించాను. పిల్లలు బతికారు, ఇంకెవరూ పగ తీర్చుకోవడానికి రారు, పీడా పోయింది అనుకున్నాను. తప్పు కదా అన్నవాళ్లు అప్పుడే చాలామంది ఉన్నారు. నేను వాళ్లలో లేను.

ఇంకీరియస్ బతిమాలారు, ఆ శక్తిని వదిలేయ్, ఇక్కడే ఉండు అని. వార్సూవియస్ ఉండలేదు. ఈ శక్తి చేతిలో ఉండగానే జైకాన్‌ను కూడా ముగించేస్తాను అని వెళ్లిపోయారు. జైకాన్ అసలు విలన్, ఎముకల గూడు మాంత్రికుడు. అక్కడ చిత్తుగా ఓడిపోయారు. అతికించిన ఆత్మలు ఒక్కొక్కటే ఊడిపోయాయి. చివరికి మిగిలింది అలసిపోయిన ఒక ఎల్ఫ్, నాలుగు చిన్నాచితకా మంత్రాలు.

ఇక్కడ కాస్త నెమ్మదిగా చెప్తాను.

ఆ గదిలోనే ఓ-చుల్ అనే ఖైదీ ఉన్నాడు. అజూర్ సిటీ సైనికుడే. నెలల తరబడి హింసలు పెట్టినా నోరు విప్పని మనిషి. ఆయన పంజరంలోంచి బయటపడి, ఒంటి మీద కవచం కూడా లేకుండా జైకాన్ మీదికి దూకుతాడు. గెలవలేడు, అందరికీ తెలుసు. ఆయన అలా కొట్లాడుతున్నంతసేపూ వార్సూవియస్‌కు తప్పించుకునే వీలుంది. మళ్లీ అదే కోటగోడ. మళ్లీ అదే నగరపు సైనికుడు. మళ్లీ మంత్రాలు లేవు.

అప్పుడు కాకి మాట్లాడుతుంది. ఇన్నేళ్లూ గుర్తొస్తేనే కనబడిన ఆ కాకి, ఎవరూ పిలవకుండానే, మనం ఏదో ఒకటి చేయగలం అని వార్సూవియస్‌కు నచ్చజెబుతుంది. వార్సూవియస్ ఆగుతారు. పెద్ద మంత్రం ఏదీ లేదు, ఉన్న చిన్నవాటితోనే ఓ-చుల్‌కు ఆసరా అవుతారు. జైకాన్ ప్రాణం దాచిన తాయెత్తు కోసం బ్లాక్‌వింగ్ రంగంలోకి దిగుతుంది. అది చివరకు ఎవరికీ దక్కకుండా మురుగుకాలవలో పడుతుంది. గెలుపు కాదు. కానీ జైకాన్ పక్షానే ఉన్న పసిమనసు రాక్షసి ఒకటి వీళ్లిద్దరూ తప్పించుకోవాలని మనసారా కోరుకుంటుంది, ఆ కోరికే వాళ్లను బయటపడేస్తుంది.

నాకు వార్సూవియస్ మీద మనసు కరిగింది ఇక్కడ. ఎందుకని చాలాసార్లు ఆలోచించాను. లోకాన్ని గెలిచే శక్తి ఉన్నంతసేపూ ఆ గదిలో ఇంకో మనిషి ఉన్నాడన్న ధ్యాస కూడా వీరికి లేదు. చేతులు ఖాళీ అయ్యాకే పక్కవాడు కనిపించాడు. సైనికులను తలుచుకుని ఏడవడం అంతకుముందూ ఉంది, కానీ ఆ ఏడుపంతా తన చుట్టూనే తిరిగింది: నేను కాపాడలేకపోయానే, నేను ఓడిపోయానే. ఇప్పుడు చూపు ఓ-చుల్ మీద ఉంది. జాలికీ ఎదుటివాడి బాధ తనదవడానికీ మధ్య ఉన్న దూరం అదే అనుకుంటాను.

బయటపడ్డాక వార్సూవియస్ ఏమీ వేరే మనిషి అయిపోలేదు. గ్రాంథికం అలాగే ఉంది. తెలివి మీద నమ్మకం అలాగే ఉంది. మాటల బుడగ ఇప్పటికీ ఉబ్బుతుంది. మారింది ఏమిటంటే, కాకి ఇక మాయం కాదు. దాదాపు ప్రతి బొమ్మలోనూ భుజం మీదో, పక్కనో ఉంటుంది. మాట్లాడుతుంది, వాదిస్తుంది, జోకులు వేస్తుంది. రచయిత ఎక్కడా 'ఇకనుంచి వార్సూవియస్ ఇతరులను పట్టించుకున్నారు' అని రాయలేదు. కాకిని గీశాడు, అంతే. పిల్లలూ, ఇది బొమ్మల కథలోనే సాధ్యం. నవలలో అయితే ప్రతి పేజీలోనూ 'పక్కన కాకి ఉంది' అని రాస్తే విసుగొస్తుంది. బొమ్మలో అది ఊరికే ఉంటుంది, చదివేవాడి కన్ను దాన్ని చూసుకుంటూ పోతుంది.

ఇంకీరియస్ దగ్గర నుంచి విడాకుల కాగితాలు వస్తాయి. పాత వార్సూవియస్ అయితే ప్రతి షరతు మీదా తర్కం లాగేవారు. ఈ వార్సూవియస్ వాదించరు. సంతకం పెడతారు. పుల్లల చేతులు, రెండు కళ్లు, గీతలాంటి నోరు తప్ప ఏమీ లేని ఆ బొమ్మ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

అయినా కథ వీరిని క్షమించి వదిలేయలేదు. 2012లో జట్టు ఒక పిరమిడ్‌లోకి వెళ్తుంది. అక్కడ డ్రేక్‌టూత్ అనే మానవ వంశం మొత్తం ఎక్కడివాళ్లక్కడే చచ్చిపడి ఉంటుంది. ఎవరు చంపారో అర్థం కాదు. గాయాల్లేవు. వార్సూవియస్ ఒక్కో ముడీ విప్పుకుంటూ వెళ్తారు. ఆ వంశంలో పూర్వం ఒకరికి నల్ల డ్రాగన్‌తో సంబంధం ఉంది. అంటే రక్తసంబంధం. అంటే ఆ మంత్రం. డ్రాగన్లే కాదు, ఆ రక్తం ఉన్న మనుషులు, పసిపిల్లలు, వాళ్లలో ఒకరికి బిడ్డను కన్నందుకు ఎక్కడో ఉన్న ఒక అమ్మ కూడా. అందరినీ చంపింది తనే.

2009కీ 2012కీ మధ్య మూడేళ్లు. ఆ మూడేళ్లూ నేను ఆ మంత్రాన్ని ఒక పాత విజయంలాగానే మోశాను. పుస్తకంలో అయితే రెండు వందల పేజీల తేడా, ఒక సాయంత్రంలో చదివేస్తాం. వారానికో పేజీ, ఒక్కోసారి నెలకో పేజీ వచ్చే కథలో ఆ మూడేళ్లు మన జీవితంలోంచి నిజంగా గడుస్తాయి. ఆ మధ్యలో నాకు ఉద్యోగం మారింది, ఊరు మారింది, మా అక్కకు ఈ పిల్లే పుట్టింది. మన వారపత్రికల్లో సీరియళ్లు చదివిన పెద్దవాళ్లకు ఇది తెలుసు, వచ్చే గురువారం దాకా ఆ పాత్ర మన ఇంట్లోనే తిరుగుతుంది. అందుకే పిరమిడ్‌లో వార్సూవియస్‌కు నిజం తెలిసినప్పుడు నాకూ తెలిసింది. వీరు కుప్పకూలిపోతే పక్కన ఓదార్చడానికి ఉన్నది ఆ కాకి ఒక్కటే. నా పక్కన అది కూడా లేదు. మూడేళ్ల కిందట ఆనందించిన మనిషిని నేను. ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు, లేచి తిరిగాను.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పి తీరాలి. నరకవాసులు అతికించిన దుష్ట ఆత్మల ప్రభావం వల్లే అలా చేశారేమో అని వార్సూవియస్ తరఫున నేను వకాల్తా పుచ్చుకున్నాను చాలాకాలం. కథ ఆ తలుపు కూడా మూసేసింది. ఆ ఆత్మలు అరిచి ఉసిగొల్పగలవు కానీ చేయించలేవు, నిర్ణయమంతా వార్సూవియస్‌దే అని ఆ నరకవాసులే చెప్పుకుంటారు. సాకు లేదు. బర్లూ మీద నాకు గౌరవం పెరిగింది అందుకే. పొగరుబోతు పాత్రలో ఒక మెత్తటి క్షణం చూపించి, చూశారా ఎంత మంచివాడో అని పాత తప్పులన్నీ తుడిచేయడం చాలా తేలిక. మన సినిమాల్లో, సీరియళ్లలో అది రోజూ చూస్తున్నాం. ఊరిని వేధించిన మనిషి చివర్లో ఒక పాపను ఎత్తుకుంటే అన్నీ మాఫీ. నేను ఒప్పుకోను. చచ్చిపోయినవాళ్ల తరఫున ఒప్పుకునే హక్కు నాకు లేదు. ఇక్కడ వార్సూవియస్ ఎదుటివాళ్ల బాధ తెలుసుకోవడం నేర్చుకున్నారు కాబట్టే ఆ పాపం బరువు తెలిసింది. కోటగోడ నాటి వార్సూవియస్ అయితే ఆ పిరమిడ్‌లో శవాలను దాటుకుంటూ వెళ్లిపోయేవారు. కరుణ వచ్చింది శిక్ష తగ్గించడానికి కాదు, శిక్ష అర్థం కావడానికి.

ఇదే 2012లో బర్లూ తన పాత పుస్తకాలు మళ్లీ ముద్రించడానికి కిక్‌స్టార్టర్ అనే ఇంటర్నెట్ చందాల వేదికలో పాఠకులను 57,750 డాలర్లు అడిగాడు. 14,952 మంది కలిసి పన్నెండున్నర లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. పుల్లబొమ్మలకు! డబ్బు సంగతి ఎందుకు చెప్పానంటే, కరుకు పాత్రలను ఎవరూ ఇష్టపడరు, హీరో మొదటి పేజీ నుంచే మంచివాడై ఉండాలి అని మీకు ఎవరైనా చెప్తే నమ్మకండి. పాఠకులకు ఓపిక ఉంటుంది. ఆ ఓపికకు తగిన ఫలం మనం ఇవ్వాలి, అదీ కష్టం.

సమయం అయిపోతోంది, మా అక్క కూతురి దగ్గరికి తిరిగొస్తాను. నెల రోజుల్లో పిరమిడ్ దాకా చెప్పగలిగాను. మొదట్లో నేను 'అన్నారు', 'వచ్చారు' అంటుంటే పిల్ల నవ్వేది. తనకు వార్సూవియస్ అంటే పడేది కాదు, కాకి అంటేనే ఇష్టం. కథ మధ్యలో అడ్డం పడి, "కాకి అన్నం తిందా పిన్నీ?" అని అడిగేది. డ్రాగన్ తల్లి చచ్చిపోయిన రాత్రి అటు తిరిగి పడుకుంది, ఆ అమ్మ తప్పేముంది అంది. నాకు 2009లో తోచనిది దానికి ఒక్క నిమిషంలో తోచింది.

పిరమిడ్ కథ చెప్పిన రాత్రి చాలాసేపు మాట్లాడలేదు. నిద్రపోయిందేమో అని దుప్పటి సర్దబోయాను. చీకట్లోంచి అడిగింది.

"పిన్నీ, ఇప్పుడు వారికి నిద్ర పడుతోందా?"

'వారికి' అంది. వ్యాకరణం అవసరమై కాదు. 'తనకి' అని ఉండొచ్చు, సరిపోయేది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కథ ఇంకా అవలేదమ్మా, బర్లూ ఇంకా గీస్తున్నాడు అన్నాను. అయితే వచ్చే సెలవుల్లో చెప్పు అని అటు తిరిగి పడుకుంది.

వచ్చే నెల సెలవులకి పిల్ల మళ్లీ వస్తోంది. కొత్త పేజీలు వచ్చినవి వచ్చినట్టు చదివి పెట్టుకున్నాను. కాకి ఇంకా భుజం మీదే ఉంది. నమస్కారం.